ఉంగరాల జుట్టు: ఆహారం, ఖనిజాలు (నిజామాబాద్ – బోధన్ ప్రాంతం)

పుట్టుకతోనే సుడులు తిరిగి పెరిగే జుట్టు ఉంగరాల జుట్టు. రింగుల జుట్టు అని కూడా అంటారు. నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్, వర్ని, బాన్సువాడ వైపు చెరకు, వరి పండే ఊళ్లలోనూ ఇలాంటి జుట్టున్నవారు ఏ వాడకు వెళ్లినా ఉంటారు. ఎక్కువమందిది వదులుగా తిరిగే ఉంగరం. నెత్తిని అంటిపెట్టుకుని పెరిగే బిగుతు సుడులు తెలుగు నేల మీద ప్రధానంగా హైదరాబాద్ ఏసీ గార్డ్స్ సిద్దీల్లో కనిపిస్తాయి. వారి పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. వనపర్తి సంస్థానంలోనూ, ఆ తర్వాత నిజాం కొలువులోనూ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే గుర్రపు దళంలో పనిచేశారు. ఆ దళం పేరే పేటకు నిలిచింది.

జుట్టు ఉంగరం తిరగాలా వద్దా అన్నది జన్యువులు తేలుస్తాయి. తిరిగిన వెంట్రుక ఎంత లావుగా, ఎంత గట్టిగా, ఎంతకాలం ఉంటుందన్న దాంట్లో తిండికి పెద్ద వాటా ఉంది. బజారులో అమ్మే పొడులు, మాత్రలు, నూనెల ప్రకటనలు ఈ రెంటినీ కలిపేస్తాయి. అందుకే రక్తంలో ఇనుము చాలని ఆడపిల్ల నూనె సీసాల మీద డబ్బు పోస్తుంది, రోగం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

వెంట్రుక ఎలా పెరుగుతుంది

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటీ చర్మం లోపల ఒక కుదురు నుంచి మొలుస్తుంది. కుదురు నిటారుగా ఉంటే వెంట్రుక గుండ్రంగా, తిన్నగా వస్తుంది. కుదురు వంగి ఉంటే వెంట్రుక అడ్డుకోతలో కోలగా, చపటగా ఉండి సుడి తిరుగుతుంది. సుడి ఎంత బిగుతైతే అంత చపట. వెంట్రుకలో ఉండేది కెరటిన్ అనే మాంసకృత్తు. అందులోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో గంధకం ఉంటుంది. గంధకపు బంధాలే వెంట్రుకకు గట్టిదనాన్నిస్తాయి.

చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుకకు ప్రాణం లేదు. దానికి రక్తం అందదు, తిన్నది చేరదు. పోషణ పనిచేసేది కుదురు దగ్గరే. కుదురులోని కణాలు శరీరంలో అతివేగంగా విభజన చెందే కణాల్లో ఒకటి కాబట్టి ఇనుము, జింక్, మాంసకృత్తుల కొరత వాటికి తొందరగా తగులుతుంది. గుండెకు, మెదడుకు కావలసినవి తగ్గకుండా చూసుకునే శరీరం జుట్టు పనిని వెనక్కి నెడుతుంది.

కుదురు 2 నుంచి 6 ఏళ్ల పాటు వెంట్రుకను పెంచుతుంది. తర్వాత రెండు మూడు వారాలు సద్దుమణిగి, సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. ఆ తర్వాత పాత వెంట్రుక రాలి కొత్తది మొలుస్తుంది. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. టైఫాయిడ్, డెంగీ, కాన్పు, కడుపు మాడ్చుకోవడం వంటి దెబ్బ తగిలితే ఎన్నో కుదుళ్లు ఒక్కసారే విశ్రాంతిలోకి పోతాయి. రాలడం మాత్రం రెండు మూడు నెలల తర్వాత మొదలవుతుంది. నిజామాబాద్‌లో ఊర పండుగ నాడు వచ్చిన జ్వరానికి బతుకమ్మ నాటికి గుప్పెళ్లుగా జుట్టు ఊడుతుందన్నమాట. ఇంట్లోవాళ్లు ఆ వారం మార్చిన షాంపూను తిడతారు. కారణం వెనుకటి నెలల్లో వెతకాలి.

ఉంగరాల జుట్టుకు వేరే పోషకాలంటూ లేవు. లోపం దెబ్బ మాత్రం దాని మీద ఎక్కువ. తలచర్మంలో ఊరే సహజ నూనె తిన్నని వెంట్రుక మీద కొసదాకా జారుతుంది, సుడుల మీద జారదు. కొసలు ఎప్పుడూ పొడిగా ఉంటాయి. ప్రతి వంపూ బలహీనమైన చోటే. పోషణ తక్కువై వెంట్రుక సన్నబడితే ఆ వంపుల దగ్గర తెగుతుంది. కుదురు నుంచి ఊడిన వెంట్రుకకు ఒక చివర తెల్లటి చిన్న బొడిపె ఉంటుంది, తెగిన తునకకు ఉండదు. దువ్వెనలో మిగిలినవి చూస్తే తేడా తెలుస్తుంది. మొదటిది రక్తపరీక్ష వైపు, రెండోది దువ్వే తీరు, ఎండ, రసాయనాల వైపు దారి చూపుతుంది.

పుట్టు వెంట్రుకలు తీయించాక జుట్టు ఒత్తుగా వస్తుందని, ఉంగరాలు పోతాయని ఒక నమ్మకం. వేములవాడలో, బాసరలో తలనీలాలివ్వడం మొక్కు, అది వేరే మాట. కత్తి చర్మం మీదనే ఆగుతుంది, కుదురును తాకదు. పిల్లల జుట్టు తీరు మారడం వయసుతో వచ్చే మార్పు.

తిండి ఉంగరాన్ని మార్చిన సందర్భం

తిండి సుడిని మార్చదన్న మాటకు ఒక భయంకరమైన మినహాయింపు ఉంది. ఇప్పుడు ఘానాగా ఉన్న గోల్డ్ కోస్ట్‌లో పనిచేసిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్ 1933లో చంటిపిల్లల్లో ఒక జబ్బును వర్ణించారు. పాలు మాన్పించి మొక్కజొన్న జావ మీదే పెంచిన పిల్లలకు కాళ్లు వాచేవి, చర్మం పొరలుగా లేచేది. దానికి అక్కడి జనం పెట్టుకున్న పేరే క్వాషియార్కర్. బిగుతైన నల్లటి సుడులున్న ఆ పిల్లల జుట్టు ఎర్రబారి, పలచబడి, తిన్నగా సాగిపోతుంది. కొన్నాళ్లు మంచి తిండి, కొన్నాళ్లు కరువు అయితే ఒకే వెంట్రుక మీద నలుపు, ఎరుపు పట్టీలు వస్తాయి. కూనూరు నుంచి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ కూడా, సి. గోపాలన్ నాయకత్వంలో, ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఉంగరాల జుట్టున్న పిల్లవాడి జుట్టు సాగి, రంగు మారితే అది అందం కాదు, ఆకలి.

జొన్న నుంచి వరికి

మంజీర నది మీద నిజాంసాగర్ ఆనకట్టను 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్లు వచ్చాక ఈ నేల వరికి, చెరకుకు మళ్లింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. 2015 డిసెంబరులో అది మూతపడ్డాక చెరకు మడులు చాలావరకు వరి మడులయ్యాయి. కంచంలో కూడా జొన్న రొట్టె, మక్క గటక తగ్గి మూడు పూటలా తెల్లన్నం నిలబడింది.

జుట్టు పరంగా ఈ మార్పు చిన్నది కాదు. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు, ఇనుము 0.65 మిల్లీగ్రాములు, జింక్ 1.2 మిల్లీగ్రాములు. అదే జొన్నలో మాంసకృత్తులు 10 గ్రాములు, ఇనుము దాదాపు 4 మిల్లీగ్రాములు, జింక్ 2 మిల్లీగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే స్త్రీకి అన్నం ద్వారా వచ్చే ఇనుము 3 మిల్లీగ్రాములకు చేరదు. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఆమెకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము, 13.2 మిల్లీగ్రాముల జింక్, సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పప్పు పలచనై, కూరకు బదులు పచ్చడి మెతుకులై, గుడ్డు ఆదివారానికే పరిమితమైన ఇంట్లో ఈ లెక్క పూడదు.

అట్లాగని జొన్నను దేవుణ్ణి చేయనక్కర లేదు. జొన్న మీదే బతికే తెలంగాణ పేదల్లో పెల్లాగ్రా అనే విటమిన్ లోపపు జబ్బు ఉండేది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి దానితో సంబంధముందని గోపాలన్, ఆయన సహచరుడు శ్రీకాంతయ్య 1960లో ప్రకటించారు. జొన్న రొట్టెకు పప్పు, పెరుగు, ఆకుకూర తోడుండాలి. ఇంకో విచిత్రం: ఆర్మూర్, బాల్కొండ వైపు విస్తారంగా పండే ఎర్రజొన్న చాలావరకు పశుగ్రాసపు విత్తనంగా ఉత్తరాదికి తరలిపోతుంది, ఇక్కడి పొయ్యి మీదికి రాదు.

రేషన్ దుకాణాల్లో వచ్చే ఫోర్టిఫైడ్ బియ్యం గురించి ఇక్కడ గట్టిగా చెప్పాలి. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము, దాంతోపాటు ఫోలిక్ ఆమ్లం, బి12 ఉండేలా, వాటిని చేర్చి తయారుచేసిన గింజలను మామూలు బియ్యంలో కలుపుతారు. అవి కాస్త వేరుగా కనబడతాయి. ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసే ఇళ్లున్నాయి. అవి బియ్యప్పిండితోనే చేసినవి. 400 గ్రాముల అటువంటి బియ్యంలో తక్కువలో తక్కువ 11 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పారేసేది అదే.

ఇనుము

నిజామాబాద్ ప్రాంతంలో జుట్టు గురించి ఒకే ఖనిజం మాట్లాడాలంటే అది ఇనుమే. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. నిజామాబాద్ జిల్లా నుంచి 2016లో విడిపోయిన కామారెడ్డిని రక్తహీనత ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాల్లో ఒకటిగా గుర్తించి, 2022 డిసెంబరులో గర్భిణులకు న్యూట్రిషన్ కిట్ల పంపిణీ మొదలుపెట్టారు.

హిమోగ్లోబిన్ తగ్గకముందే శరీరంలోని ఇనుము నిల్వలు కరుగుతాయి. ఫెరిటిన్ అనే పరీక్ష ఆ నిల్వలను చూపుతుంది. ‘నాకు రక్తం బాగానే ఉంది’ అనే స్త్రీకి కూడా ఫెరిటిన్ అడుగంటి ఉండవచ్చు. పాపిట వెడల్పవడం, జడ సన్నబడటం అప్పుడే మొదలు కావచ్చు. నెలసరిలో ఎక్కువ రక్తం పోయేవారికి, వరసగా కాన్పులైనవారికి, పొద్దున్నుంచి చాట ముందు కూర్చుని బీడీలు చుడుతూ చాయ్‌తో ఆకలి చంపుకునే కార్మికులకు ఈ ముప్పు ఎక్కువ. చాయ్‌లోని టానిన్లు అన్నంలోని ఇనుమును పట్టేసుకుంటాయి. తిన్నాక గంటైనా ఆగి తాగాలి.

పుంటికూర, తోటకూర, మునగాకు, నువ్వులు, శనగలు మంచివే, కానీ మొక్కల ఇనుము ఒంటికి పట్టడం తక్కువ. నిమ్మరసం, ఉసిరి, జామ తోడైతే పట్టు పెరుగుతుంది. మాంసం, కాలేయంలోని ఇనుము తేలిగ్గా పడుతుంది. అంకాపూర్ నాటుకోడికి పేరున్న జిల్లా ఇది. విందు నాడు ముక్కలు ముందు మగవాళ్ల పళ్లేల్లోకి, పులుసు ఆడవాళ్ల పళ్లేల్లోకి పోయే ఇళ్లలో ఆ కోడి ఎవరి జుట్టుకు పనికొస్తుందో ఆలోచించాలి. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో అన్నం, పప్పు, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకం 2015 జనవరిలో మొదలైంది. కాన్పయిన మూడో నెలలో జుట్టు రాలుతున్నదని దిగులుపడే బాలింత ఆ భోజనం మానకపోవడం మంచిది. ఆ రాలడం చాలామందికి కొన్ని నెలల్లో తనంతట తానే ఆగుతుంది.

రాగి: గొర్రె ఉన్ని చెప్పిన సంగతి

సుడులకూ ఖనిజానికీ నేరుగా ముడిపడ్డ కథ రాగిదే. 1962లో అమెరికాలో జాన్ మెంకెస్, ఆయన సహచరులు ఒకే కుటుంబంలోని మగశిశువులకు వచ్చిన జబ్బును వర్ణించారు. ఆ బిడ్డల జుట్టు పొట్టిగా, మెలికలు తిరిగి, ముట్టుకుంటే తెగిపోయేలా ఉండేది. మెదడు ఎదుగుదల ఆగి పసితనంలోనే చనిపోయేవారు. కారణం పదేళ్ల తర్వాత తెలిసింది. ఆస్ట్రేలియాలో రాగి తక్కువైన నేలల్లో మేసిన గొర్రెల ఉన్ని వంకీలు పోయి తీగలా మారుతుందని అక్కడి పరిశోధకులకు ముందే తెలుసు. మెల్‌బోర్న్‌లోని వైద్యుడు డేవిడ్ డాంక్స్ ఆ ఉన్నికీ ఈ శిశువుల జుట్టుకూ పోలిక గమనించి, వారి పేగులు రాగిని రక్తంలోకి పంపలేకపోతున్నాయని 1972లో నిరూపించారు. కెరటిన్‌లో గంధకపు బంధాలు కుదరడానికి రాగి అవసరం. ఈ జబ్బుకు కారణమైన జన్యువు 1993లో దొరికింది.

ఇది అరుదైన జన్యువ్యాధి. పుట్టుకతో ఆరోగ్యంగా ఉన్న ఉంగరాల జుట్టుకూ దీనికీ సంబంధం లేదు. అయితే రాగి ఎంత పని చేస్తుందో ఇది చూపింది. దక్కనీ గొర్రెల నల్లటి ఉన్నితో గొంగళ్లు నేసిన కురుమలున్న నేల మనది. ఉన్ని చూసి గొర్రె ఒంటి సంగతి చెప్పడం వారికి కొత్త కాదు. నువ్వులు, పప్పులు, వేరుశనగ, కాలేయం తినేవారికి రాగి లోపం అరుదు. జింక్ మాత్రలు నెలల తరబడి పెద్ద మోతాదులో మింగేవారికి మాత్రం అది రావచ్చు, ఎందుకంటే పేగులో జింక్ రాగికి అడ్డుపడుతుంది. ఒక ఖనిజాన్ని సొంతంగా పెంచుకోబోతే ఇంకొకటి పడిపోతుంది.

జింక్

జింక్ లోపంలో జుట్టు పలచబడుతుంది, నోటి చుట్టూ, చేతుల మీద, కాళ్ల మీద పుండ్లు లేస్తాయి, గాయాలు మానవు. మనుషుల్లో ఈ లోపాన్ని బయటపెట్టింది బిహార్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్. ఇరాన్‌లో రొట్టె తప్ప ఎరగని, ఎదుగుదల ఆగిన యువకులను పరిశీలించి 1961లో ఆయన రాసిన వ్యాసం దీనికి మొదలు. గింజల పైపొరలోని ఫైటేట్లు జింక్‌ను, ఇనుమును పట్టి ఉంచుతాయి. పులియబెట్టినా మొలకెత్తించినా ఫైటేట్లు తగ్గుతాయి. అంబలి, మొలకెత్తిన పెసలు ఈ లెక్కన తెలివైన తిండి.

వరి రైతుకు జింక్ పరిచయమే. ఆకుల మీద తుప్పు మచ్చలు కనబడితే లోపమని తెలుసు, ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తాడు. అదే లోపం ఇంట్లో బిడ్డకుంటే ఎవరూ గుర్తించరు. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ 2016లో జింక్ ఎక్కువగా ఉండే డీఆర్ఆర్ ధాన్ 45 రకాన్ని విడుదల చేసింది. నిజాంసాగర్ ఆయకట్టులో దిగుబడికి పెట్టే శ్రద్ధలో కొంత ఇటువంటి రకాలకు పెడితే కంచానికి మేలు.

ఎక్కువైతే

ఖనిజాలు జుట్టును పెంచడమే కాదు, ఊడగొడతాయి కూడా. మహారాష్ట్ర బుల్దాణా జిల్లా షేగావ్ తాలూకాలో 2024 డిసెంబరు చివర, 2025 జనవరిలో పలు గ్రామాల వారికి తల దురద పుట్టి, రోజుల్లోనే జుట్టు రాలి బట్టతల వచ్చింది. వైద్యుడు హిమ్మత్‌రావు బావస్కర్ పరీక్షలు జరిపి, తిన్న గోధుమల్లోని అధిక సెలీనియమే కారణమని చెప్పారు. సెలీనియం ఎక్కువైతే జుట్టు, గోళ్లు ఊడతాయన్నది వైద్యానికి ఎప్పటి నుంచో తెలిసిన విషయం. విటమిన్ ఎ మోతాదు మించినా అంతే. జుట్టు మాత్రల్లో పేరు మోగే బయోటిన్ లోపం మామూలు తిండి తినేవారిలో బహు అరుదు. పైగా అది థైరాయిడ్ వంటి రక్తపరీక్షల ఫలితాలను తప్పుగా చూపించగలదు. పరీక్షకు వెళ్లేముందు ఆ మాత్రల సంగతి చెప్పాలి.

చక్కెర, బెల్లం, మొలాసిస్

చెరకు రసం నుంచి చక్కెర స్ఫటికాలు తీసేశాక మిగిలే నల్లటి పాకం మొలాసిస్. రసంలోని ఇనుము, కాల్షియం, పొటాషియం అందులోనే ఉండిపోతాయి. తెల్ల చక్కెరలో ఏవీ ఉండవు. పశ్చిమ దేశాల్లో బిగుతు సుడుల జుట్టున్నవారు, ముఖ్యంగా నల్లజాతి స్త్రీలు, తినడానికి శుద్ధి చేసిన మొలాసిస్‌ను జుట్టుకు మంచిదని చెంచాతో తీసుకుంటారు. ఇక్కడి ఫ్యాక్టరీల మొలాసిస్ సారాయి బట్టీలకు, పశువుల దాణాకు పోయేది. నోట్లో వేసుకోదగ్గది కాదు. బెల్లం ఇంటి వస్తువు, చక్కెర కంటే మెరుగే. అయినా చాయ్‌లో వేసుకునే 10 గ్రాముల బెల్లంతో వచ్చే ఇనుము ఒక మిల్లీగ్రాము లోపే. నువ్వులతో కలిపి ఉండ చేస్తే ఇనుము, రాగి, జింక్ అన్నీ నువ్వుల వైపు నుంచి వస్తాయి. మధుమేహం ఉన్నవారికి ఆ ఉండ కూడా లెక్కే.

పసుపు పండే జిల్లా కాబట్టి పసుపు గురించీ అడుగుతారు. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌లోనే ఏర్పడింది. కూరలో చిటికెడు పసుపుతో జుట్టుకు లాభమూ నష్టమూ లేవు. పసుపులో ఉండే కుర్కుమిన్‌ను పెద్ద మోతాదులో నింపిన గొట్టం మాత్రలు వేరు: కుర్కుమిన్ ఇనుమును అంటుకుంటుంది, రక్తహీనత ఉన్నవారు వాటి జోలికి పోకపోవడం మేలు.

బయటి నుంచి తగిలే ఖనిజాలు

బోరు నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా వెంట్రుక మీద పేరుకుంటాయి. పొడిబారిన ఉంగరాల జుట్టు ఇంకా గరుకై, చిక్కు పడి, దువ్వితే తెగుతుంది. దీనివల్ల బట్టతల రాదు, కుదురు చెడదు. కుంకుడుకాయ రసం ఇలాంటి కఠినజలంతో సబ్బులా తెట్టు కట్టదు; పాత అలవాటులో ఈ మేలుంది. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలస్నానంలో మాంసకృత్తు పోకుండా కాపాడుతుంది. ఆముదం పైపూతగా పనికొస్తుంది, కొత్త జుట్టును మొలిపించదు. తడిగా ఉండగా వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి దువ్వితే సుడులు తెగవు.

పరీక్షలు, మందులు

జుట్టు రాలడం మూడు నెలలు దాటినా, గుండ్రంగా మచ్చలు పడ్డా, నెలసరి తప్పుతున్నా వైద్యుణ్ణి కలవాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, అవసరమైతే బి12, విటమిన్ డి పరీక్షలు చాలావరకు విషయం తేలుస్తాయి. మాంసం, గుడ్డు, పాలు ముట్టనివారికి బి12 తప్పక చూడాలి. జుట్టు కత్తిరించి పంపితే ఖనిజాల జాబితా ఇస్తామనే పరీక్షల మీద ఆధారపడి మందులు వేసుకోవద్దు; షాంపూ, నీళ్లు, రంగులు ఆ లెక్కను పాడుచేస్తాయి. ఆశా కార్యకర్తలు, బడులు, ఆరోగ్య కేంద్రాల ద్వారా ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఉచితంగానే అందుతున్నాయి. వేసుకుంటే మలం నల్లబడుతుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది. దానికి భయపడి డబ్బాలో దాచిపెట్టకండి, రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. మార్పు జుట్టులో కనిపించడానికి కనీసం మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.